డెలిగేటు గారి మొగుడు

కట్టుకున్న పెళ్ళాం మీద కుళ్ళుకున్నానని ఎవడూ బయట చెప్పుకోడు. పక్కింటివాడి కొత్త కారు చూసి ఏడ్చాననో, తోడల్లుడి ప్రమోషన్ సంగతి విని ఆ పూట అన్నం సహించలేదనో చెప్పుకోవచ్చు, వినేవాళ్ళు నవ్వి వదిలేస్తారు. పెళ్ళాం సంగతి వేరు. అందుకే ఇన్నేళ్ళూ నోరు మెదపలేదు. ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. ఇంకా దాచుకుని ఏం ఊడబొడవాలి?

1984 నాటి మాట. అప్పుడు మేం వర్జీనియాలో, హెర్న్‌డన్‌లో ఉండేవాళ్ళం. ఇప్పుడు కనిపించే అద్దాల ఆఫీసులేవీ అప్పటికి లేవు, మా వీధి చివర ఇంకా ఆవులు మేస్తుండేవి. నేను టెలిఫోన్ పరికరాలు తయారుచేసే కంపెనీలో ఇంజనీరుని. మా ఆవిడ ఊళ్ళో ఒక క్లినిక్‌లో రక్తం తీసే ఉద్యోగం చేసేది. మాకు ఏడేళ్ళ కూతురు.

ఇల్లూ కారూ అందరికీ ఉండే కోరికలే. నాకు వాటితోపాటు ఇంకోటి ఉండేది. నాలుగేళ్ళకోసారి జరిగే పార్టీ జాతీయ కన్వెన్షన్‌కి డెలిగేట్‌గా వెళ్ళాలి. 1976లో, ఇంకా గ్రీన్‌కార్డు మీద ఉన్న రోజుల్లో, దాన్ని టీవీలో చూశాను. ఇంత పెద్ద హాలు. ఒక్కో రాష్ట్రం పేరు రాసిన బోర్డు పొడుగాటి కర్రకి కట్టి నిలబెట్టారు. దాని కింద ఆ రాష్ట్రం వాళ్ళు, నెత్తి మీద తమాషా టోపీలు, చొక్కా నిండా బిళ్ళలు. రాష్ట్రానికి ఒకరు లేచి మైకు పట్టుకుని మా కొండలు, మా నదులు, మా యాపిల్ తోటలు అని కాసేపు గొప్పలు చెప్పుకుని, చివర్న మా ఓట్లు ఇన్ని ఫలానా ఆయనకి అని ప్రకటిస్తున్నారు. దేశానికి ప్రెసిడెంట్ కాబోయేవాణ్ణి ఆ టోపీలవాళ్ళు నిలబెడుతున్నారు! నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి. మా ఇద్దరికీ సిటిజన్‌షిప్ వచ్చిన వారంలోనే నేను వెళ్ళి పార్టీలో పేరు రాయించుకున్నాను.

ఆ తర్వాత మూడేళ్ళు చేసిన చాకిరీ మామూలుది కాదు. కవర్లకి స్టాంపులు అంటించి అంటించి నాలుక మీద జిగురు రుచి పోయేది కాదు. ఫోన్లు చేస్తే నా ఉచ్చారణ వినగానే సగం మంది ఠపీమని పెట్టేసేవాళ్ళు. మంచులో గడపగడపకీ తిరిగాను. రెండిళ్ళల్లో కుక్కలు వెంటపడ్డాయి కూడా. డెలిగేట్లని ఎలా ఎన్నుకోవాలో మా రాష్ట్రం పార్టీవాళ్ళు జిరాక్స్ కాగితాలు పిన్ను కొట్టి ఒక పుస్తకం ఇచ్చేవాళ్ళు. దాన్ని పబ్లిక్ పరీక్షకి చదివినట్టు చదివాను.

చెప్పాలంటే పద్ధతి సులువే. మార్చిలో ఎక్కడికక్కడ పార్టీవాళ్ళు సమావేశమై, జిల్లా కన్వెన్షన్‌కి మనుషుల్ని ఎన్నుకుంటారు. మే నెలలో ఆ ఎన్నికైనవాళ్ళు ఒకచోట చేరి, జాతీయ కన్వెన్షన్‌కి ఎవరు వెళ్ళాలో తేలుస్తారు. ప్రెసిడెంట్ అభ్యర్థుల్లో ఎవరికి ఎంత బలముంటే వాళ్ళ వర్గానికి అన్ని సీట్లు. ఆ సీట్లలో సగం మగవాళ్ళకి, సగం ఆడవాళ్ళకి. ఈ ఆఖరి నియమం చదివినప్పుడు భేష్ అనుకున్నాను. మా ఆవిడని కూచోబెట్టి, చూశావా, ఈ దేశంలో ఆడవాళ్ళకి ఎంత విలువ ఇస్తారో అని లెక్చర్ కూడా ఇచ్చాను.

మార్చి సమావేశం ఒక శనివారం ఉదయం హైస్కూల్ జిమ్‌లో పెట్టారు. గోడలకి అభ్యర్థుల పేర్లు రాసిన అట్టలు తగిలించారు. ఎవరి అట్ట కింద వాళ్ళు నిలబడితే తలలు లెక్కపెడతారు. తలలు ముఖ్యం కాబట్టి మా ఆవిడని కూడా బయల్దేరదీశాను. ఆ రోజు ఆమెకి సెలవు, బట్టలు ఉతుక్కోవాలంది. గంటలో పంపించేస్తాను, ఊరికే నిలబడు చాలు అన్నాను.

లెక్క తేలాక మా వర్గానికి ఎనిమిది సీట్లు వచ్చాయి. నలుగురు మగవాళ్ళు, నలుగురు ఆడవాళ్ళు. మా ఏరియా కెప్టెన్ రిటైరైన టీచరమ్మ, ఆరడుగుల మనిషి, గొంతు ఖంగుమంటుంది. మగవాళ్ళలో ఎవరు పోటీ చేస్తారని ఆవిడ అడగ్గానే పదకొండు చేతులు లేచాయి, అందులో అన్నిటికన్నా పైకి లేచింది నాదే. ఆడవాళ్ళలో ఎవరని అడిగితే మూడే లేచాయి. ఇంకొకరు కావాలి, ఇంకొకరు అని టీచరమ్మ చుట్టూ చూస్తోంది. అప్పుడు మా పక్కనున్న ముసలావిడ మా ఆవిడ జబ్బ పట్టుకుని, ఈ అమ్మాయి ఉందిగా, నా రక్తం ఈమే తీస్తుంది, చీమ కుట్టినట్టు కూడా ఉండదు అంది. అవునవును అని నాలుగైదు గొంతులు లేచాయి. అప్పుడు తెలిసింది నాకు, ఆ జిమ్‌లో సగం మంది చేతుల్లో మా ఆవిడ ఎప్పుడో ఒకప్పుడు సూది గుచ్చింది.

ఆమె నా వైపు తిరిగి, "ఏవండీ, ఏం చెయ్యమంటారు?" అంది.

"ఖాళీ నింపడానికేగా, నిలబడు," అన్నాను మహారాజులాగా.

పోటీ లేదు, చప్పట్లు కొట్టారు, అయిపోయింది. తర్వాత మగవాళ్ళకి ఓటింగ్ జరిగితే నాకు అయిదో స్థానం వచ్చింది. సీట్లు నాలుగు. టీచరమ్మ నా భుజం తట్టి నువ్వు ఆల్టర్నేట్ అంది. ఆల్టర్నేట్ అంటే, అసలువాడు రాకపోతే వాడి బదులు కూచునేవాడు. పెళ్ళికి పిలిచి, ఎవరైనా లేస్తే కూచుందువుగాని అని గుమ్మం దగ్గర నిలబెట్టినట్టు. మా ఆవిడకి తెల్ల బ్యాడ్జి ఇచ్చారు, నాకు పసుపుపచ్చది. ఇంటికి వస్తుంటే ఆమె తన బ్యాడ్జిని పర్సులో పడేసి, దారిలో పాలు కొనాలని గుర్తుచేసింది. అంతే, ఇంకో మాట లేదు. మూడేళ్ళు నేను నాలుక అరగదీసుకుంటే దక్కనిది పర్సులో చిల్లర పక్కన పడేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ వారాంతం, ఇంటికో వంటకం తెచ్చుకునే తెలుగువాళ్ళ పాట్‌లక్‌లో ఒక మిత్రుడు పులిహోర వడ్డించుకుంటూ, "రండి రండి డెలిగేటు గారి మొగుడు గారూ," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ పులిహోర ఎలా ఉందో ఇప్పటికీ చెప్పలేను.

ఏప్రిల్‌లో ఒక సాయంత్రం మా ఆవిడ వంకాయలు తరుగుతూ చెప్పింది. టీచరమ్మ ఆ రోజు క్లినిక్‌కి వచ్చిందట. చేతికి రబ్బరు తాడు కట్టించుకుని కూచుని, మా వర్గం తరఫున జాతీయ కన్వెన్షన్‌కి ఆడవాళ్ళ సీటు ఒకటి ఉంది, నువ్వు నిలబడాలి అందట. సూది గుచ్చుతున్నంతసేపూ అదే మాటట.

"మగ సీటు కూడా ఒకటేనటగా, దానికి ఆల్టర్నేట్లు కూడా నిలబడచ్చు, మీరు ఎలాగూ కాగితం పెట్టారు. ఒకటి మీకు, ఒకటి నాకు. అచ్చంగా మనకోసమే పెట్టినట్టు లేదూ? ఇద్దరం కలిసి కన్వెన్షన్‌కి శాన్ ఫ్రాన్సిస్కో వెళ్ళొచ్చు. పిల్లని ఆ పక్కనే శాంటా క్లారాలో మా అక్కయ్య దగ్గర ఉంచచ్చు," అంది. మొహం వెలిగిపోతోంది. పెళ్ళయిన పదేళ్ళలో తనకి ఇది కావాలని నోరు తెరిచి అడిగింది అదే మొదలు.

నేను పేపరు దించకుండా "నీ ఇష్టం" అన్నాను. మొగుడు ఆ గొంతుతో నీ ఇష్టం అంటే వద్దని అర్థం, మా ఇళ్ళల్లో పుట్టిన ఏ ఆడపిల్లకైనా తెలుసు. ఆమెకీ తెలుసు. అయినా ఆ ఒక్కసారీ తెలియనట్టు ఊరుకుని, మర్నాడు కాగితం నింపి ఇచ్చొచ్చింది.

పైకి మాత్రం నేను మంచివాణ్ణే. ఆమెకి స్పీచ్ రాసిపెట్టాను, రెండు పేజీలు, డిక్షనరీ దగ్గర పెట్టుకుని మరీ. వారం రోజులు గిన్నెలు కడుగుతూ అప్పజెప్పుకుంది. ఎక్కడ తడబడినా "అబ్బే, అలా కాదు" అంటూ నేను వెనక నిలబడి దిద్దేవాణ్ణి. ఆ దిద్దడంలో నాకెంతో హాయిగా ఉండేది.

మే నెలలో జిల్లా కన్వెన్షన్ ఇంకో హైస్కూల్ ఆడిటోరియంలో జరిగింది. పిల్లని స్నేహితుల ఇంట్లో దింపి వెళ్ళాం. మా డెలిగేట్లలో ఒకాయనకి జ్వరం వచ్చి రాలేదు. దాంతో నా పసుపు బ్యాడ్జి పీకి తెల్లది పెట్టారు. నాకూ ఓటు వచ్చింది. ఇదేదో శుభసూచకం అనుకుని ఉబ్బిపోయాను.

ముందు మగ సీటు. పోటీకి అయిదుగురం. మనిషికి ఒక్క నిమిషం, తర్వాత గంట కొడతారు. నేను ప్రజాస్వామ్యం గ్రీసు దేశంలో ఎలా పుట్టిందో మొదలుపెట్టి ఇంకా గ్రీసులో ఉండగానే గంట కొట్టేశారు. ఓట్లు లెక్కపెడితే నాకు ఏడు వచ్చాయి. అగ్నిమాపక దళంలో పనిచేసే ఒకాయన గెలిచాడు. నా ఏడింటిలో ఒకటి మా ఆవిడదని నాకు తెలుసు. ఆమె నా చెయ్యి నొక్కి, "పోన్లెండి, ఇంకోసారి చూద్దాం" అంది. చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

తర్వాత ఆడవాళ్ళ సీటు. ఇద్దరే పోటీ. ఇళ్ళు అమ్మిపెట్టే ఏజెంట్ ఒకావిడ, మా ఆవిడ. ఏజెంట్ ముందు మాట్లాడింది, గడగడా, ఇల్లు చూపిస్తున్నట్టే. తర్వాత మా ఆవిడ మైకు దగ్గరికి వెళ్ళింది. నేను రాసిన కాగితాలు తీసింది. ఒకసారి చూసుకుంది. మడిచి పక్కన పెట్టేసింది.

"మీలో చాలామంది రక్తం నేను తీశాను," అంది. హాలంతా నవ్వింది. నవ్వు ఆగేదాకా ఆగింది. "సూది గుచ్చేముందు భయంతో అందరూ ఏదో ఒకటి మాట్లాడతారు. అప్పుడు నిజాలే చెప్తారు. ఉద్యోగం పోయి ఇన్సూరెన్స్ పోయిందని ఒకరు. మాత్ర సగం చేసి రోజు విడిచి రోజు వేసుకుంటున్నానని ఒకరు. ఆరేళ్ళుగా ఆ కుర్చీ పక్కన నిలబడి వింటున్నాను. ఎవరు చెప్పారో ఎవరికీ చెప్పను. ఏం చెప్పారో మాత్రం అక్కడికి వెళ్ళి చెప్తాను."

గంట కొట్టే అవసరం రాలేదు. వెనక వరసల్లో జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆమె ఇంగ్లీషు నా ఇంగ్లీషు కంటే తక్కువది, క్రియలు ఎటు పడితే అటు వెళ్తాయి. ఒక్కరు కూడా పట్టించుకోలేదు. టీచరమ్మ కళ్ళు తుడుచుకుంటోంది. నా పక్కనున్నవాడు నన్ను మోచేత్తో పొడిచి, నువ్వు అదృష్టవంతుడివి అన్నాడు. నాకు కళ్ళల్లో నిప్పులు పోసినట్టుంది. నా కన్వెన్షన్, నా పుస్తకం, నేను తొక్కిన మంచు. నేను రాసిచ్చిన మాట ఒక్కటి కూడా వాడుకోకుండా రెండు పేజీలు మడిచి పక్కన పెట్టేసింది.

బ్యాలెట్ కాగితాలు పంచారు. ఎవరికి ఓటో పేరు రాసి, కింద మన పేరు రాసి, సంతకం పెట్టాలి. ఓటు వేసినవాడు సంతకం పెట్టడం మా పార్టీ నియమం. పుస్తకంలో చదివాను, దొంగ ఓట్లు పడకుండా పెట్టిన జాగ్రత్త కాబోలనుకున్నాను. మనవైపు ఓటంటే వేలికి సిరా పూయించుకుని, తెర చాటుకి వెళ్ళి ముద్ర వేసి, మడిచి పెట్టెలో పడేస్తాం. పెట్టెలో పడ్డాక అది ఎవరిదో ఎవరికి తెలుస్తుంది? ఎన్నేళ్ళు ఇక్కడున్నా నా బుర్రలో ఓటంటే అదే. డబ్బా తెచ్చినవాడు నా ముందు నిలబడ్డాడు. ఆమె ఎలాగూ గెలుస్తుంది, నా ఒక్క ఓటుతో ఏమవుతుంది అనుకున్నాను. ఏజెంట్ పేరు రాశాను. సంతకం పెట్టి, నాలుగు మడతలు పెట్టి డబ్బాలో వేశాను. వేసేశాక కడుపులో మంట కాస్త చల్లారింది. ఉన్నమాట చెప్తున్నాను.

లెక్క తేలింది. ఏజెంట్‌కి యాభై ఎనిమిది. మా ఆవిడకి యాభై ఏడు.

అంతటితో అయిపోతే ఎలాగో మింగేసేవాణ్ణి. కానీ తేడా ఒక్క ఓటే కాబట్టి పోటీదారులిద్దరూ వచ్చి కాగితాలు స్వయంగా చూసుకోండి అన్నాడు సభ నడిపిస్తున్న పెద్దమనిషి. పుస్తకంలో ఆ వాక్యం కూడా ఉంది, సంతకం ఉన్న కాగితాలు ఎవరైనా అడిగి చూసుకోవచ్చని. కంఠతా వచ్చినవాణ్ణి, నాకు ఆ క్షణంలో గుర్తొచ్చింది.

వేదిక కింద బల్ల మీద కాగితాలు రెండు దొంతరలుగా పెట్టారు. ఏజెంట్ మా ఆవిడ దొంతర తీసుకుంది. మా ఆవిడ ఏజెంట్ దొంతర తీసుకుంది. క్లినిక్‌లో రిపోర్టులు చూసే అలవాటు కదా, ఒక్కో కాగితం తిప్పి, పేరు చూసి, సంతకం చూసి, బోర్లా పెడుతోంది. నేను నాలుగో వరసలో కూచుని ఆ చేతులే చూస్తున్నాను. లేచి వెళ్ళి ఏదైనా గొడవ చేద్దామా, నీళ్ళు ఒలకబోద్దామా అనిపించింది. కూచునే ఉన్నాను. సగం దొంతర దాటాక ఆమె చేతులు ఆగాయి. నాలుగు మడతల గుర్తులున్న కాగితం. ఆ సంతకం మా పిల్ల ప్రోగ్రెస్ రిపోర్టు మీదా, ఇంటి కాగితాల మీదా ఆమె సంతకం పక్కనే ఉంటుంది. ఆమె తల ఎత్తలేదు. నా వైపు చూడలేదు. ఆ కాగితాన్ని కూడా మిగతావాటి మీద బోర్లా పెట్టి, చివరిదాకా చూసి, "లెక్క సరిగ్గానే ఉంది" అంది. ఏజెంట్‌కి చెయ్యి కలిపింది. టీచరమ్మ ఆమెని కావలించుకుని ఏడుస్తుంటే, ఈమే వీపు నిమిరి ఓదార్చింది.

కార్లో ఇరవై నిమిషాలూ తిడుతుందేమోనని ఎదురుచూశాను, తిడితే బాగుండునని కూడా అనిపించింది. పిల్లని దింపిన ఇంటి ముందు కారు ఆపాను. ఆమె తలుపు మీద చెయ్యి వేసి ఆగింది.

"ఏవండీ, ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పండి. నా స్పీచ్ అంత బాలేదా?"

ఆమె అనుకున్నది అదీ. మొగుడు కూడా ఓటు వెయ్యలేదంటే తను అంత ఘోరంగా మాట్లాడిందని. అసూయ అనే మాట ఆమెకి తట్టనే లేదు. బాగుంది, అంత బాగుంది కాబట్టే తట్టుకోలేకపోయాను అని ఒక్క వాక్యం చెప్తే సరిపోయేది. నోటిదాకా వచ్చింది.

"మరీ అంత బాలేదు," అన్నాను. "జనం మర్యాదకి చప్పట్లు కొడతారు. నేను రాసింది చదివి ఉండాల్సింది."

ఆమె తలూపింది. "నాకూ అనిపించిందిలెండి," అని దిగి, పిల్లని తీసుకురావడానికి లోపలికి వెళ్ళింది.

జులైలో టీవీలో కన్వెన్షన్ వచ్చింది. మా రాష్ట్రం బోర్డు కింద ఏజెంట్ రెండుసార్లు కనిపించింది, తెల్ల టోపీ పెట్టుకుని. మా ఆవిడ సోఫాలో బట్టలు మడతపెడుతూ, ఆవిడకి బాగా నప్పిందండీ అంది. ఎగతాళి లేదు, ఎత్తిపొడుపు లేదు. ఆ తర్వాత పార్టీ మీటింగులకి నాతో వచ్చేది, కుర్చీలు సర్దేది, కాఫీ పోసేది. ఎవరైనా మైకు ఇస్తే నవ్వి పక్కవాళ్ళకి అందించేది. నేను చూస్తూ ఊరుకున్నాను. ఒకటి రెండుసార్లు లోలోపల హాయిగా కూడా అనిపించింది.

నాలుగేళ్ళు గడిచాయి. 1988లో మళ్ళీ కన్వెన్షన్ ఏడాది. మార్చిలో ఒక ఆదివారం పొద్దున టీచరమ్మ ఫోన్ చేసింది. మా ఆవిడే తీసింది. అవతలి గొంతు ఖంగుఖంగున నాకు కూడా వినిపిస్తోంది. జనం ఇప్పటికీ నీ మాటలు తలుచుకుంటున్నారు, ఈసారి నిన్ను పంపించి తీరతాం అంటోంది. మా ఆవిడ అంతా విని, మెల్లగా, "లేదు మేడమ్, నాకు మాట్లాడడం రాదు. మావారికి బాగా వచ్చు, ఆయన్ని అడగండి," అంది. అని, రిసీవర్ నాకు అందించి స్టవ్ దగ్గరికి వెళ్ళిపోయింది.

టీచరమ్మ హలో, హలో అంటోంది. మేడమ్, ఆమె అబద్ధం చెప్తోంది, ఆ అబద్ధం నేను నేర్పింది అనడానికి అర నిమిషం చాలు. మా ఆవిడ పక్క గదిలో కూడా లేదు, నాలుగడుగుల దూరంలో ఉంది, నేను ఆ మాట అంటే ఆమెకీ వినపడుతుంది.

రిసీవర్ చెవికి పెట్టుకుని, "చెప్పండి మేడమ్, నేను సిద్ధంగానే ఉన్నాను," అన్నాను.